వేలితో ఇంట్లో నడిచే ఆవిడ

ఆవిడను సమాధుల తోటలో ఉంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే, రాయగడ మునిసిపాలిటీ ఎదురుగా ఉన్న దుకాణంలో టీ తాగుతున్నాను. నా పక్కన ఇద్దరు ఆవిడ గురించే మాట్లాడుకుంటున్నారు.

"మంచావిడే పాపం. ఒక్కసారి కక్కుర్తి పడింది, అంతే," అన్నాడు ఒకడు.

"అదే మరి. అది తప్ప వంక పెట్టడానికి లేదు," అన్నాడు రెండోవాడు.

గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఆ మాట నాది. కొన్నేళ్ళ కిందట అదే దుకాణంలో, అదే బల్ల పక్కన నిలబడి, దాన్ని మొదట అన్నవాడిని నేనే. ముందు "మంచావిడే పాపం" అని ఎందుకు తగిలించానంటే, కాస్త మెచ్చుకోలు కలిపితే అబద్ధం తొందరగా గొంతు దిగుతుందని నాకు తెలుసు. దిగింది. ఆవిడ వెళ్ళిపోయినా అది ఊళ్ళోనే ఉండిపోయింది.

అందుకని రాస్తున్నాను. పేరు రాయను. రాయగడలో ఆవిడను పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. "గొడుగు మేడమ్" అంటే రైలు స్టేషను నుంచి సంత దాకా అందరికీ తెలుసు. మండే ఎండలోనూ, ముసురులోనూ, ఏమీ లేని మబ్బు పూటా ఆ నల్ల గొడుగు చేతిలో ఉండాల్సిందే. మునిసిపాలిటీలో ఇళ్ళ ప్లాన్లు చూసే విభాగంలో గుమస్తా. నేను ఆ ప్లాన్లు గీసేవాణ్ణి. ఇల్లు కట్టుకునేవాళ్ళకు బొమ్మ గీసి, ఆఫీసులో పెట్టి, అనుమతి తెచ్చివ్వడం నా బతుకుతెరువు. ఇప్పటికీ అదే.

మిగతా గుమస్తాలు ప్లాను తీసుకుంటే కొలతలు చూసేవారు, రశీదు చూసేవారు, స్టాంపు కొట్టేవారు. ఆవిడ ముందు కళ్ళద్దాలు పమిట చెంగుతో తుడుచుకునేది. కాగితాన్ని బల్ల మీద పరిచి నాలుగు మూలలా నాలుగు బరువులు పెట్టేది: స్టాంపు డబ్బా, టిఫిను మూత, చేతి గడియారం, చిన్న బైబిలు. అప్పుడు చూపుడువేలు వీధి మీద ఆనించి, వాకిట్లోంచి ఇంట్లోకి నడవడం మొదలుపెట్టేది.

నా మొదటి ప్లాను నాకు బాగా గుర్తుంది.

"ఇదిగో బాబూ, వచ్చేను. వానలో తడిసి వచ్చేను. గొడుగు ఎక్కడెట్టాల?"

నేను గొడుగుకు చోటు గీయలేదు.

"సరే, సేతిలోనే ఉంచుకుంటాను. కాళ్ళు కడుక్కోవాల. స్నానాల గదేదీ? ఓలమ్మ! వంటింట్లోంచా? కోడలు గంజి వారుస్తుంటే మాంగారు తువ్వాలు సుట్టుకుని ముందునించి ఎల్తాడేటి?" ఆఫీసంతా నవ్వుతుంటే కాగితాన్ని చుట్టచుట్టి నా చేతికిచ్చింది. "పట్టుకెల్లు. అందులో ఎవులో కాపరం సేస్తారని గుర్తెట్టుకుని గీయి."

ఆవిడ పుట్టింది మాచ్‌ఖండ్ ప్రాజెక్టు కాలనీలో. తల్లి కోస్తా నుంచి వచ్చి అక్కడి ఆస్పత్రిలో నర్సుగా చేరిన మనిషి. క్వార్టర్లో పెరిగిన సంగతి ఆవిడ గొప్పగానూ చెప్పేది, ఏడుపుగానూ చెప్పేది. "కరెంటు తయారయ్యేది మా ఇంటెనకాలే. గానీ గోడకి మేకు కొట్టాలంటే అర్జీ ఎట్టాల. ఓవర్సీరు వచ్చి సూసి, మరో మాటు వచ్చి సూసి, వద్దనేవోడు. మా నాన్న పోయేక ఆయన ఫోటోని ట్రంకుపెట్టి మీద గోడకి ఆనించి ఎట్టేది మాయమ్మ. మేం తుడిసినప్పుడల్లా పడిపోయేది."

తల్లి రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి రాయగడ వచ్చారు. అప్పటినుంచీ అద్దె ఇళ్ళే. ఇంటాయనకు గోడ పాడవుతుందని బెంగ. ఆవిడ గదిలో క్యాలెండరు కుర్చీకి ఆనించి ఉండేది. నేను చూశాను.

ఊరు పెరిగింది. ధాన్యం టోకు వ్యాపారాలు చేసిన మా తెలుగు సావుకార్లు అపార్టుమెంట్లలోకి దిగారు. పెద్ద కట్టడం కట్టేవాడు, ఇల్లు కట్టుకోలేనివాళ్ళ కోసం మునిసిపాలిటీకి వేరే రుసుము కట్టాలన్న నిబంధన కాగితాల్లో ఉంది. చిన్న కట్టడాలకు అది వర్తించదు. చాలామందికి ఆ నిబంధన ఉన్నట్టే తెలీదు. తెలిసినవాళ్ళు తెలీనట్టు ఉన్నారు. ఆవిడ దాన్ని దుమ్ము దులిపి బయటికి తీసింది. వచ్చే రుసుము రోడ్లలోనూ కాలవల్లోనూ కలిసిపోకుండా వేరే ఖాతాలో వేయించింది.

"మా అపార్టుమెంటుకీ రైలు పట్టాల పక్క గుడిసెలకీ ఏటమ్మా సమ్మంధం?" అని ఒక సావుకారు ఎగిరాడు.

"మీ ఇటికలు మోసినోళ్ళు సాయంత్రం ఎక్కడికెల్తన్నారో ఒకపాలి ఎనకాలే ఎల్లి సూడండి బాబూ. సమ్మంధం అక్కడుంటాది."

ఆ సావుకారే నాకు పెద్ద గిరాకీ. సంత వీధి చివర నాలుగంతస్తుల కట్టడం తలపెట్టాడు. "రుసుము పడకుండా ఏదో సూడు," అన్నాడు. నేను చూశాను. స్థలాన్ని కాగితం మీద నాలుగు ముక్కలు చేశాను. ఆయన పేర ఒకటి, భార్య పేర ఒకటి, ఇద్దరు బావమరుదుల పేర రెండు. నాలుగు చిన్న ఇళ్ళు, నాలుగు ప్లాన్లు. ఏ ఒక్కటీ నిబంధన కిందికి రాదు. నా తెలివికి నేనే మురిసిపోయి, మర్నాడే ఆఫీసులో పెట్టేశాను.

ఆవిడ మొదటి ప్లానులో వేలితో నడిచింది. వాకిలి, హాలు, మెట్లు, పై అంతస్తు. బాగానే ఉంది. రెండోది పరిచింది. వేలు వాకిట్లోకి వచ్చింది, హాల్లోకి వచ్చింది, వంటిల్లు చుట్టింది, మళ్ళీ హాల్లోకి వచ్చింది. ఆగింది.

"పైకెల్లాల బాబూ. ఎలగెల్తాను?"

ఆవిడ మూడోది తీసింది, నాలుగోది తీసింది. వేలు మూడిళ్ళలోనూ దారి తప్పిన పిల్లలా తిరిగింది. అప్పుడు లేచి, నాలుగు కాగితాలూ కింద గచ్చు మీద పక్కపక్కనే పరిచింది. గోడకు గోడ అతికింది. ఒకే కట్టడం, మధ్యలో ఒకే మెట్ల వరస.

"సూసేరా అయ్యా," అంది పెద్ద గుమస్తాతో. "సావుకారు నాలుగిళ్ళు కట్టేడు, మెట్లు ఒకింటికే ఎట్టేడు. మిగిలిన ముగ్గురూ ఎగిరెల్తారేటి?"

పెద్ద గుమస్తా ఒడియా ఆయన. తెలుగు అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత "ఉడి జిబే!" అంటూ రెండు చేతులూ రెక్కల్లా ఆడించాడు. ప్యూను కూడా ఆడించాడు.

సావుకారు రుసుము పూర్తిగా కట్టాడు. కట్టి, నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. సంతలో నాకు కొత్త పేరొచ్చింది, మెట్లు మర్చిపోయిన బాబు. కూరలమ్మేవాళ్ళు కూడా నన్ను చూసి చేతులు రెక్కల్లా ఆడించేవారు. అప్పట్లో నాకు అంతకన్నా పెద్ద కష్టం లోకంలో కనబడలేదు. సావుకారు ఒకరోజు, "ఆ గొడుగుదాని మీద ఏదైనా రాయకూడదేటి?" అన్నాడు. ఆయన బలవంతపెట్టలేదు. ఆ ఒక్కమాట అన్నాడంతే. మిగతాది నేను చేశాను.

జిల్లా అధికారులకు ఒడియాలో ఆకాశరామన్న ఉత్తరం రాశాను. ప్లాను ఆపకుండా ఉండడానికి మొదటి అంతస్తులో ఒక ఫ్లాటు అడిగిందని రాశాను. సొంత గోడంటూ లేక ఒక్క మేకైనా కొట్టుకోని మనిషి మీద, ఫ్లాటు అడిగిందని. ఆ తర్వాత టీ దుకాణానికి వచ్చి, ఆ మాట తెలుగులో అన్నాను.

విచారణ మొదలైంది. అది తేలేదాకా ఆవిడను కోరాపుట్ పంపించారు.

కొన్ని నెలలకు పనిమీద కోరాపుట్ వెళ్ళి రైల్లో తిరిగొస్తున్నాను. పెట్టెలో నా ఎదురుగా నల్ల గొడుగు. తలుపు వైపు లేవబోయాను.

"కూకో బాబూ. రైలు కదిలిపోయింది, ఎక్కడికెల్తావు?"

కూర్చున్నాను. కకిరిగుమ్మలో ఎదురు బండి కోసం రైలు చాలాసేపు ఆగింది. ఆవిడ కిటికీలోంచి జామకాయలు కొని, ఒకటి తుడిచి నా చేతిలో పెట్టింది. తాను ఒకటి కొరికింది.

"నీ అక్షరం బాగుంటాది," అంది. "గుండ్రంగా, వరస తప్పకుండా. ఇన్నేళ్ళు నీ ప్లాన్ల మీద సదివేను గదా. ఒడియాలో కూడా అలాగే ఉంటాదని ఇచారణాయన ఉత్తరం సూపించినప్పుడు తెలిసింది."

జామకాయ నా చేతిలో ఉండిపోయింది. ఆవిడ గింజలు ఊసి, కిటికీలోంచి చూస్తూ చెప్పింది.

"నేను ఆయనకి సెప్పలేదు. నీ మీద జాలి గాదు, అలగనుకోకు. నాకు పనుంది. ఆ ఖాతాలో డబ్బు పేరుకుంది. ఊరి మొదట్లో తోరణం కట్టాలని కౌన్సిలోళ్ళు సూస్తన్నారు. గుడిసెలోళ్ళ ఇళ్ళకి ప్లాను సిద్ధంగా లేకపోతే అది తోరణానికి ఎల్పోతాది. ఊర్నో మిగతా గీసేవోళ్ళని అడిగేను. సావుకార్లకి కోపమొస్తాదని ఎవులూ రాలేదు. నువ్వు జైల్లో కూకుంటే నాకెవులు గీస్తారు?"

నా నోట ఏదో క్షమాపణ లాంటిది రాబోయింది. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఆ ముక్క నాకొద్దు. ఊరికి సెప్పు. అది నీ పని, నా పని గాదు. గడువేటీ లేదు. గానీ మరీ సాగదియ్యకు." ఎదురు బండి వచ్చింది. మా రైలు కదిలింది. అప్పుడు మొదటిసారి నవ్వి, నా మోకాలి మీద గొడుగు మొనతో పొడిచింది. "ఇంకొకటి. మెట్లు మర్చిపోకు."

ఆవిడ సెలవురోజున రాయగడ వచ్చినప్పుడల్లా నేను కాగితాలు పట్టుకుని వెళ్ళేవాణ్ణి. వేలు నడిచేది. ఆరుసార్లు తిప్పి పంపింది. గాలి రాదంది, పొయ్యి పక్కనే తల పెట్టి పడుకోవాలంది, ముసలివాళ్ళు రాత్రి లేచి అంత దూరం వెళ్ళలేరంది. ఏడోసారి తనకే అనుమానం వచ్చింది. "నేనొక్కర్తినే నడిస్తే సాలదు," అని, ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో ముగ్గుపిండితో ఒక ఇంటిని అసలు కొలతలకు గీయించింది. గుడిసెల వాళ్ళను పిలిచి, రండి, కాపురం చేసి చూడండి, అంది.

ఎవరూ గీత దాటి లోపలికి రాలేదు. చివరికి లమ్తపుట్ వైపు నుంచి వచ్చి, సంతలో అల్లం అమ్ముకునే ఒక ఆవిడ వచ్చింది. అప్పటికే ఆమెకు జుట్టు నెరిసింది. వాకిలి గీసిన చోటు నుంచే లోపలికి నడిచింది, గీత తొక్కకుండా. బుట్ట దించింది. గదిలో వెల్లకిలా పడుకుని కాళ్ళు చాపింది.

"ఓ గొడుగమ్మా! నా కాళ్ళు పక్కింటోళ్ళింట్లో ఉన్నాయి!"

జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వుతో అందరూ లోపలికి వచ్చేశారు. ఒకామె లేని పొయ్యి మీద లేని కుండ పెట్టింది. ఇద్దరు తాపీవాళ్ళు లేని కిటికీ దగ్గర నిలబడి, అది ఇటు కాదు అటుండాలని నాతో పోట్లాడారు. వాళ్ళే రైటు. నేను గీసిన వాటిల్లో ఎనిమిదో ప్లాను ఒక్కటే నాకు సిగ్గు లేనిది. మూడు అంతస్తులు, ప్రతి వరసకూ మెట్లు.

విచారణ ముగిసింది. "రుజువు కాలేదు" అని రాసి ఆవిడను వెనక్కి పంపారు. రుజువు కాలేదు అనడం వేరు, చెయ్యలేదు అనడం వేరు. ఆ తేడాలో నా మాట హాయిగా బతికింది. దుకాణంలో ఎవరైనా అంటే నేను విననట్టు టీ తాగేవాణ్ణి.

కౌన్సిలు సమావేశం రోజున ప్రజలు కూర్చునేచోట గుడిసెల ఆడవాళ్ళు నిండిపోయారు. తోరణం బొమ్మ రంగుల్లో గోడకు తగిలించి ఉంది. ఒక పెద్దమనిషి ఊరి పరువు గురించి చాలాసేపు మాట్లాడాడు. ఖాతా వివరాలు చదవడానికి ఆవిడను లేపారు. చదివి, కాగితం మడిచి, కూర్చోబోతూ ఆ బొమ్మ వైపు చూసింది.

"బాగుంది బాబూ. దీని కింద ఎవులు పడుకుంటారు?"

అంతే అంది. తోరణం ఆ రోజుతో ఆగిపోయింది. ఇళ్ళ ప్లాను నెగ్గింది.

తాళాలిచ్చే రోజున ఉపన్యాసాలయ్యాయి, కొబ్బరికాయలయ్యాయి, ప్రార్థనయ్యింది. పెద్దలు కార్లెక్కి వెళ్ళాక ఆవిడ గొడుగు విప్పింది. లోపల ఒక సుత్తి, ఒక పొట్లాం నిండా మేకులు. ఇంటింటికీ తిరిగి తలా ఒక మేకు ఇచ్చింది.

"కొట్టండి. ఎక్కడ కావలస్తే అక్కడ. ఎవుల్నీ అడగక్కర్లేదు."

మొదట ఒక గోడ మోగింది. తర్వాత పై అంతస్తులో ఒకటి. కాసేపటికి కాలనీ అంతా టకటకా టకటకా. సున్నం రాలుతోంది, పిల్లలు కేకలు పెడుతున్నారు, ఒకడు ఉత్సాహం పట్టలేక పక్కింటి గోడకు కూడా కొట్టేసి తిట్లు తింటున్నాడు. ఆవిడ కింద మెట్ల మీద కూర్చుని, పెళ్ళి మేళం వింటున్నట్టు తల ఆడిస్తోంది. ఆవిడ ముఖం నేను చూసినన్ని రోజుల్లో అంత వెలిగిన రోజు ఇంకోటి లేదు. నన్ను చూసి మెట్టు మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది. గట్టిగా ఉన్నాయని.

నేను ఆరోజే అందరి ముందూ చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. గడువు లేదంది కదా అనుకున్నాను. ఆవిడ రిటైరైంది, జబ్బు పడింది, అద్దె గదిలోనే కన్ను మూసింది. నేను సాగదీస్తూనే ఉన్నాను.

ఆవిడ పోయిన తర్వాతి ఆదివారం కాలనీ వాళ్ళు తమ హాల్లో సంస్మరణ పెట్టుకున్నారు. అద్దె గదిలోంచి ఆవిడ సామాను తెచ్చారు. ఒక పెట్టె, కళ్ళద్దాలు, గొడుగు. ఫోటోను పెద్దది చేయించి ప్లాస్టిక్ కుర్చీకి ఆనించి పెట్టారు. ఫ్యాను గాలికి అది ఒకసారి పడింది. ఎవరో లేపి మళ్ళీ ఆనించారు. అది చూశాక నేను కూర్చోలేకపోయాను.

లేచి చెప్పాను. ఉత్తరం నేను రాశానని. కక్కుర్తి అన్న మాట నేను పుట్టించానని. ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదని, ఇన్నేళ్ళలో నా డబ్బుతో టీ అయినా తాగలేదని.

కిటికీ గురించి నాతో పోట్లాడిన తాపీ మేస్త్రి లేచాడు. "ఇన్నేళ్ళూ మా ఇళ్ళకొచ్చి మంచినీళ్ళు తాగేవు గదరా!" అన్నాడు. అల్లం ముసలమ్మ కర్ర ఊతంతో లేచి నా ముందుకు వచ్చింది.

"ఆ ఉత్తరం నీదని గొడుగమ్మకి తెల్సా?"

"తెలుసు. మొదట్నుంచీ."

"తెల్సీ, నీసేతే ఈ ఇల్లు గీయించిందా?"

"అవును."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కొడుతుందనుకున్నాను. ఆమె కడుపులోంచి ఏదో కదిలి, భుజాలు ఊగి, పళ్ళు లేని నోరంతా తెరుచుకుని నవ్వు బయటికొచ్చింది. "ఓలమ్మో! ఇన్నారా! ఈడు ఆవిడ మీద రాస్తే, ఆవిడ ఈడిసేత మనకి గీయించింది!" ఆ నవ్వు బెంచీ బెంచీకీ పాకింది. మేస్త్రి కూడా ముఖం తిప్పుకుని నవ్వాడు. నన్ను క్షమించిన నవ్వు కాదు అది, ఆవిడ గెలిచిందని. చచ్చిపోయాక కూడా మళ్ళీ ఒకసారి గెలిచిందని.

హాల్లో పట్టినంతమందే విన్నారు. నా అబద్ధం ఊరంతా తిరిగింది. అందుకే ఇది అచ్చులో కూడా ఉండాలనుకున్నాను.

నవ్వు తగ్గాక ముసలమ్మ కుర్చీలో ఉన్న ఫోటో చూపించింది. "మరావిడ ఎన్నాళ్ళని కుర్సీలో కూకుంటాది? మేకు కొట్టు."

సుత్తి నా చేతికొచ్చింది. గోడ ముందు నిలబడి, అలవాటు కొద్దీ చుట్టూ చూశాను. "ఎవరినైనా అడగాలా?"

"ఎవుల్నడుగుతావు? మోర్ ఘర్!" అంది, ఛాతీ మీద చెయ్యేసుకుని. "నాది. మాది. కొట్టు."

కొట్టాను. మేకు సగం దిగి వంగిపోయింది. జీవితమంతా గోడలు గీశాను గానీ ఒక్క గోడనైనా కొట్టి ఎరగను.

"గీతలోడివి, నీకు రాదు. ఇటియ్యి." ముసలమ్మ కర్ర నాకిచ్చి సుత్తి తీసుకుంది. ఇంకో మేకు, కాస్త ఎడంగా. మూడు దెబ్బలు. ఫోటో ఎక్కింది. నిలిచింది.

నేను సిగ్గుపడి, వంగిన మేకును పీకడానికి చెయ్యి చాపాను. ఆమె నా చెయ్యి తోసేసింది.

"ఉండనీ."

పెట్టె మీద పెట్టిన నల్ల గొడుగు తీసుకుని, ముడిచి, దాని వంపు పిడిని ఆ వంకర మేకుకు తగిలించింది.